ఆకు పక్కన పులుపు

(నూజివీడు మామిడి తోటల ప్రాంతంలోని ఒక మహిళా అక్షర కేంద్రంలో వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)

 

పగలంతా పని చేసి, పొయ్యి పని ముగించుకొని మీరు ఇక్కడికి వచ్చారు. ఈ రోజు కొత్త పాఠం లేదు. పలకలు పక్కన పెట్టండి. కూరల గురించి మాట్లాడుకుందాం.

"కూరల గురించి మాకు చెప్పేదేముంది?" అని మీరు అనుకోవచ్చు. నిజమే. వయసులో నేను మీకంటే చిన్నదాన్ని. వంటలో ఇంకా చిన్నదాన్ని. కూర వండడం నేను మీకు నేర్పను. మీరు వండిన కూరలోని బలం మీ ఒంటికి పట్టాలంటే ఏం చేయాలి? ఆ ఒక్క మాట చెబుతాను.

ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. తోటలో కాయల ట్రే ఎత్తేటప్పుడు కళ్లు తిరుగుతున్నాయా? నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తోందా? పొద్దున లేవగానే ఒళ్లంతా నీరసంగా ఉంటోందా? "ఎండ దెబ్బ" అని ఊరుకుంటాం. "వయసు మీద పడింది" అని సర్దుకుంటాం. చాలాసార్లు అది ఎండా కాదు, వయసూ కాదు. ఒంట్లో రక్తం తక్కువ. దీన్నే రక్తహీనత అంటారు.

2019-21లో దేశమంతటా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. 15 ఏళ్ల నుండి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 59 మంది. అంటే ఇక్కడ పది మంది కూర్చుంటే అందులో ఆరుగురు. ఇది చిన్న సంగతి కాదు. రక్తం తక్కువైన తల్లికి కాన్పు కష్టం అవుతుంది. బిడ్డ బరువు తక్కువగా పుట్టవచ్చు.

రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. ఆకుకూరల్లో ఇనుము ఉంది. "మేం ఆకుకూర తింటూనే ఉన్నాం కదా!" అని మీరు అడగవచ్చు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. మాంసం, చేపల్లో ఉన్న ఇనుము ఒంటికి తేలికగా పడుతుంది. ఆకులో ఉన్న ఇనుము అంత తేలికగా పట్టదు. చాలా భాగం వచ్చిన దారినే పోతుంది.

మరి దాన్ని పట్టి ఉంచేది ఏది? పులుపు. అన్ని పులుపులూ కావు. సి విటమిన్ ఉన్న పులుపు. పచ్చి మామిడి, నిమ్మ, ఉసిరి, జామ, టమాటా, వీటిలో సి విటమిన్ ఉంది. చింతపండు పుల్లగా ఉంటుంది గానీ అందులో సి విటమిన్ చాలా తక్కువ. ఇంకొక సంగతి. సి విటమిన్ వేడికి తట్టుకోదు. ఉడికిస్తే చాలా వరకు పోతుంది. అందుకే ఆకు ఉడికించాలి. పులుపు మాత్రం కొంచెమైనా పచ్చిగా తినాలి. రెండూ ఒకే ముద్దలో, లేదా ఒకే పూట తినాలి.

ఆకు పక్కన పచ్చి పులుపు. ఈ రోజు నేను చెప్పే మాట ఇదే.

"రోజూ పులుపు కొనాలంటే డబ్బులెక్కడివి?" అని ఒక అక్క అడుగుతోంది. మంచి ప్రశ్న. కొననక్కర లేదు. ఏ కాలానికి తగిన ఆకు ఆ కాలంలో వస్తుంది. ఏ కాలానికి తగిన పులుపు ఆ కాలంలో వస్తుంది. కాలంలో వచ్చినది చవక, తాజా. కాలం కాని కాలంలో కొంటేనే ఖర్చు. మన ఊళ్లలో మూడు కాలాలూ ఒకసారి చూద్దాం.

మొదటిది వేసవి. మన దగ్గర వేసవి అంటే మామిడి. చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, కలెక్టరు కాయ. పండ్లు లారీలెక్కి దూరం పోతాయి. గాలి వీస్తే రాలిన కాయలు మనకు చవకగా దొరుకుతాయి. వేసవిలో తోటకూర కూడా వస్తుంది. తోటకూర వేసి మామిడికాయ పప్పు మీరంతా వండుతారు. అలాగే వండండి. కానీ కాయ అంతా పప్పులో వేయకండి. పావు వంతు పచ్చిగా ఉంచండి.

ఆ పావు వంతుతో ఏం చేయాలి? దీనికి ఒక కొత్త దారి ఉంది. పూర్వం మన ప్రాంతాల వాళ్లు కూలి పనికి సముద్రం దాటి బర్మాలోని రంగూను పోయేవారు. ఆ బర్మా పక్కనే థాయిలాండ్ దేశం ఉంది. అక్కడ కూడా మామిడి కాస్తుంది. వాళ్లు పచ్చి మామిడిని సన్నగా తురుముతారు. అందులో ఉల్లిపాయ, మిరపకాయ, వేరుశనగ గుళ్లు, కొంచెం తీపి కలుపుతారు. ఎండు రొయ్యలు కూడా వేస్తారు. పొయ్యి వెలిగించే పనే లేదు.

మన ఇంట్లో ఇలా చేయవచ్చు. కలెక్టరు కాయ పులుపు తక్కువ. అది దీనికి బాగుంటుంది. కాయను కడిగి, చెక్కు తీసి తురమండి. సగం ఉల్లిపాయ సన్నగా తరిగి వేయండి. ఒక పచ్చిమిరపకాయ, గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు దంచి వేయండి. చిటికెడు ఉప్పు, చిన్న బెల్లం ముక్క కలపండి. ఎండు రొయ్యలు ఉంటే తల, తోక తీసి, వేయించి, నలిపి చల్లండి. పప్పన్నంలో నంజుకోండి. ఆకు పప్పులో ఉంది. పులుపు పక్కన ఉంది.

ఆవకాయ ఉంది కదా అంటారేమో. ఆవకాయ రుచికి మంచిదే. కానీ అందులో ఉప్పు ఎక్కువ, ఆకు లేదు. ఒట్టి ఆవకాయన్నంతో రోజు గడిపితే కడుపు నిండుతుంది. రక్తం పట్టదు.

రెండోది వానాకాలం. మామిడి అయిపోయింది. వేసవిలో ఎండబెట్టిన ఒరుగులు డబ్బాలో ఉన్నాయి. ఒరుగులు పప్పుకు పులుపు ఇస్తాయి. కానీ ఎండలో సి విటమిన్ చాలా వరకు పోయింది. కాబట్టి ఒరుగులు రుచికి వేసుకోండి. బలానికి నిమ్మకాయ పిండుకోండి. వేసవిలో ధర ఎక్కిన నిమ్మకాయ వానలు పడ్డాక దిగుతుంది.

ఈ కాలంలో ఆకు ఏది? ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దలు చెప్పారు. మునగచెట్టు పెరట్లో ఒకటి ఉంటే చాలు. మనం మునగాకు పప్పులో వేస్తాం, వేపుడు చేస్తాం, పొడి కొడతాం. ఫిలిప్పీన్స్ అనే దీవుల దేశం ఉంది. అక్కడ కోడి ముక్కలు అల్లం వేసి పలుచగా పులుసులా ఉడికిస్తారు. దించే ముందు గుప్పెడు మునగాకు వేస్తారు. మీ ఇంట్లో కోడికూర వండిన రోజు ఒక గిన్నెలో ఇలా చేసి చూడండి. కోడి లేని రోజు పెసరపప్పు కట్టులో వేయండి. ఆకు మెత్తబడగానే దించండి. దించిన తరువాత నిమ్మకాయ పిండండి. పొయ్యి మీద ఉండగా పిండకండి.

మూడోది శీతాకాలం. కార్తీకం వచ్చిందంటే ఉసిరి కాయలు. తరువాత జామకాయలు. టమాటా, క్యాబేజీ, చిక్కుడు, మెంతికూర సంతలో రాశులు పోస్తారు. ఈ కాలంలో పిల్లలు ఏం అడుగుతారు? "అమ్మా, నూడుల్స్ బండి దగ్గరికి వెళ్దాం" అంటారు. ఆ బండి మీద ఉన్న క్యాబేజీ మన సంతలో ఉన్న క్యాబేజీయే. చైనా వాళ్ల వంటలో ఒక కిటుకు ఉంది. కూరలన్నీ ముందే సన్నగా తరిగి పెట్టుకుంటారు. బాండీ బాగా కాగనిస్తారు. కొంచెం నూనెలో, పెద్ద మంట మీద, కలుపుతూ త్వరగా వేయించి దించుతారు. కూర మెత్తబడి ముద్ద కాదు. వంటచెరకూ, గ్యాసూ కలిసి వస్తాయి.

మనం నూడుల్స్ కొననక్కర లేదు. పూట అన్నం కొంచెం పొడిగా వండుకోండి. వెల్లుల్లి చితక్కొట్టి నూనెలో వేయండి. క్యాబేజీ, చిక్కుడు, పచ్చిమిర్చి వేసి వేయించండి. చివర గుప్పెడు మెంతికూర వేయండి. అన్నం, ఉప్పు, మిరియాల పొడి కలపండి. గుడ్డు ఉంటే కొట్టి వేయండి. పళ్లెంలో పెట్టాక పక్కన జామ ముక్క గానీ, పచ్చి టమాటా ముక్క గానీ పెట్టండి. ఉసిరికాయ అయితే ఇంకా మంచిది. సి విటమిన్ ఉసిరిలో చాలా ఎక్కువ.

ఇప్పుడు మీ మనసులో ఉన్న మాట నేను చెబుతాను. "కొత్త కూర వండితే మా ఆయన విసుక్కుంటాడు. మా అత్తగారు పళ్లెం పక్కకు నెడుతుంది. చెడిపోతే కూలి డబ్బు మట్టిపాలు." ఇది నిజమైన భయం. కూలి డబ్బుతో కొన్న సరుకు పారబోయలేం. అందుకే కొత్తది చేసేటప్పుడు మూడు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి. ఒక్క మార్పే చేయండి. పప్పు పాతది, పక్కన తురుము కొత్తది. అంతే.

రెండు. ఒక్క చిన్న గిన్నెలోనే చేయండి. నచ్చకపోతే పోయేది గుప్పెడే. రోజూ వండే కూర ఎలాగూ ఉంటుంది.

మూడు. రాసుకోండి.

అవును, రాసుకోండి. మీకు ఇప్పుడు రాయడం వచ్చు. చదువు బడిలో ఉండిపోకూడదు. వంటింట్లోకి రావాలి. నోటుబుక్కులో ఒక పేజీ తీయండి. తేదీ రాయండి. ఆకు పేరు రాయండి. పులుపు పేరు రాయండి. ఎంత ఖర్చయిందో రాయండి. ఎవరు ఇష్టంగా తిన్నారో రాయండి. ఒక సంవత్సరం రాస్తే మీ ఊరి కూరల పంచాంగం మీ చేతిలో ఉంటుంది. ఏ నెలలో ఏది చవకో మీకే తెలుస్తుంది. సంతలో ఎవరైనా ధర ఎక్కువ చెబితే, "పోయిన ఏడు ఈ నెలలో ఇంతే కదా" అని మీరు అడగవచ్చు.

ఆ పేజీలో చివర ఒక ప్రశ్న కూడా రాయండి. "నాకు మిగిలిందా?"

ఎందుకు ఈ ప్రశ్న? మన ఇళ్లలో ముందు మగవాళ్లు తింటారు. తరువాత పిల్లలు. చివర మనం. అప్పటికి గిన్నెలో ఏం ఉంటుంది? అడుగున ఇంత పులుసు, ఇంత ఆవకాయ. ఎంత మంచి కూర వండినా మన పళ్లెంలోకి రాకపోతే మనకు రక్తం ఎలా పడుతుంది? అందరూ కలిసి కూర్చుని తింటే అన్నిటికంటే మంచిది. అది కుదరకపోతే, వడ్డించే ముందే మీ వాటా చిన్న గిన్నెలో తీసి మూత పెట్టండి. ఇది దొంగతనం కాదు. స్వార్థం కాదు. తోటలో మీరూ కూలి చేశారు. ఆ కూరలో మీ కష్టమూ ఉంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కనీసం ఒక గంట ఆగండి. ఆకుకూరను తరగక ముందే కడగండి. తరిగిన తరువాత కడిగితే బలం నీళ్లలో పోతుంది.

చివరగా ఒక ముఖ్యమైన మాట. రక్తం బాగా తగ్గిన వాళ్లకు కూర ఒక్కటే చాలదు. ఆశా కార్యకర్తనో, నర్సునో అడిగి రక్త పరీక్ష చేయించుకోండి. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములు ఉండాలి. గర్భిణికి 11 గ్రాములు ఉండాలి. చీటీ మీద అంకె ఉంటుంది. "ఎంత ఉందమ్మా?" అని ఇంకొకరిని అడగనక్కర లేదు. మీరే చదువుకోవచ్చు. తక్కువ ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఇనుము మాత్రలు ఉచితంగా ఇస్తారు. వాళ్లు చెప్పినన్ని రోజులు వేసుకోండి. మలం నల్లగా వస్తే భయపడి మానకండి. అది మాత్ర వల్ల వచ్చే రంగే. నులిపురుగులున్నా, నెలసరిలో రక్తం ఎక్కువ పోయినా రక్తం తగ్గుతుంది. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.

ఇక ఈ వారం మన పని. ఒక్కొక్కరు ఒక్క ఆకు, ఒక్క పచ్చి పులుపు కలిపి ఒక పూట వండి తినాలి. దాని గురించి ఐదు వాక్యాలు రాసి తేవాలి. తప్పులు పోయినా ఫరవా లేదు, అక్షరాలు దిద్దుకుందాం. అందరివీ ఒక్కొక్కటిగా చదువుకుందాం. "నాకు మిగిలిందా?" అనే ప్రశ్నకు జవాబు మాత్రం ప్రతి ఒక్కరూ రాయాలి. ఆ జవాబు "మిగిలింది" అని ఉండాలి.

సెలవు.