హునరు చేతిలో ఉంటే చాలదు, సనదు కూడా కావాలి
(సంఘం వార్షికోత్సవ సభలో ఒక ఉర్దూ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



"పిల్లోడు పది పాసయ్యాడు, ఇంకేం చేయాలి సార్?" అని ప్రతి ఎండాకాలం తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఉన్న దారుల్లో ఒకదాన్ని గురించి నేడు మనవి చేస్తాను. అది నెట్‌వర్క్ పని. బ్యాంకులో, ఆసుపత్రిలో, రైల్వే స్టేషనులో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి, ఆ సంబంధం తెగకుండా చూసుకునే పని.

పేరు పెద్దదని భయపడనక్కర లేదు. ఉత్తరం మీద చిరునామా లేకపోతే పోస్టుమాను ఏం చేస్తాడు? అట్లాగే ప్రతి కంప్యూటరుకూ ఒక చిరునామా ఉంటుంది. అందరూ ఎక్కువగా వాడే పద్ధతిలో అది చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు. ఏ సమాచారం ఏ దారిన పోవాలో చూపేది రౌటరు. రాగి కేబులులో ఎనిమిది తీగలుంటాయి. వాటి రంగుల వరుస తప్పితే లైను రాదు. మామూలుగా 100 మీటర్లకు మించి ఆ కేబులు లాగకూడదు. అంతకన్నా దూరమైతే గాజు తీగ కావాలి. అందులో వెలుగు నడిచే భాగం సుమారు 9 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా ఎంతో సన్నం. రెండు కొనలను విద్యుత్ మెరుపుతో కరిగించి అతకాలి. దుమ్ము పడిందా, మళ్లీ కోసి మొదలుపెట్టాలి.

ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఉస్తాదు పక్కన నిలబడి చేతితో నేర్వాలి. మెకానిక్ షెడ్డులో, వెల్డింగు షాపులో, దర్జీ అంగడిలో మన బిరాదరి పిల్లలు తరతరాలుగా నేర్చింది అట్లాగే గదా! మన ప్రాంతానికీ ఇది కొత్త కాదు. 2002లో హెచ్.పి. కంపెనీ కుప్పం ప్రాంతంలో ఐ-కమ్యూనిటీ అనే పథకం పెట్టింది. అందులో పల్లె స్త్రీలు డిజిటల్ కెమెరా, వెంట మోసుకుపోయే ప్రింటరు పట్టుకొని ఫోటోలు తీసి సంపాదించారు. వాళ్లు డిగ్రీలు చదివి నేర్వలేదు, చేసి నేర్చుకున్నారు.

అయితే మన శాగిర్దు పద్ధతిలో ఒక లోపం ఉంది. కాగితం లేదు. కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి నాలుగేళ్లు కేబుళ్లు లాగిన కుర్రవాళ్లు మనలో ఉన్నారు. పని బాగా వచ్చు. కానీ పెద్ద కంపెనీలో "సర్టిఫికెట్ ఏది?" అంటే చూపడానికి ఏమీ లేదు. ఆ నాలుగేళ్లు లెక్కలోకి రావు.

ఈ లోపం తీర్చడానికే 1961 నాటి అప్రెంటిసుల చట్టం ఉన్నది. దాని ప్రకారం యజమానికీ శిక్షణ పొందేవాడికీ రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అది నమోదు కావాలి. స్టైపెండు ఇవ్వాలి. 2019 నిబంధనలు పది పాసైనవాడికి నెలకు కనీసం రూ.6,000, ఐ.టి.ఐ. సర్టిఫికెట్ ఉన్నవాడికి రూ.7,000, డిప్లొమావారికి రూ.8,000, పట్టభద్రులకు రూ.9,000 అని నిర్ణయించాయి. సంతకం పెట్టే నాటికి రేటు ఎంతో చూసుకొని పెట్టండి. యజమానికి భారం తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రోత్సాహక పథకం కూడా పెట్టింది. శిక్షణ ముగించి పరీక్ష పాసైతే సనదు వస్తుంది.

మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, నిజమైన అప్రెంటిస్‌షిప్‌లో డబ్బు యజమాని ఇస్తాడు. "ముందు మీరు యాభై వేలు కట్టండి, ఉద్యోగం గ్యారంటీ" అనేవాడి దగ్గర నగలు కుదువబెట్టిన డబ్బు పోయకండి. రెండు, శిక్షణ తర్వాత అక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. సనదుతో వేరే చోట అడిగే హక్కు మాత్రం వస్తుంది. మూడు, పది పాసైనవాడు వెంటనే ఇంజనీరు కాడు. మొదట టెక్నీషియను. పనిచేస్తూ డిప్లొమా చదవాలి, సిస్కో కంపెనీ 1998 నుంచి నడుపుతున్న సి.సి.ఎన్.ఎ. వంటి పరీక్ష రాయాలి. మెట్టు మెట్టుగానే ఎక్కాలి.

"ఉర్దూ మీడియం పిల్లోడు, ఇంగ్లీషు రాదు" అని వెనకడుగు వేయవద్దు. మొదట్లో ఈ పనికి కావలసిన ఇంగ్లీషు మాటలు ఒక నోటుబుక్కులో పడతాయి. రోజుకు ఐదు మాటలు ఉర్దూలో అర్థం రాసుకుంటే నేర్వవచ్చు. ఆడపిల్లలను కూడా మరువకండి. నెట్‌వర్కును కనిపెట్టి చూసే పని చాలావరకు ఆఫీసులో కుర్చీలో కూర్చొని చేసేదే.

ఇక సంఘానికి నా మనవి ఒక్కటే. పది ఫలితాలు వచ్చిన నెలలో, ప్రతి జుమా నమాజు తర్వాత చదువుకున్నవారు ఇద్దరు ఒక బల్ల వేసుకొని కూర్చోవాలి. పిల్లల పేర్లు ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఒప్పందం కాగితం వస్తే తల్లికి ఉర్దూలోనో తెలుగులోనో చదివి వినిపించాలి. ఇందుకు చందా అక్కరలేదు, రెండు గంటల తీరిక చాలు. ఆ బల్ల దగ్గర కూర్చునేవారిలో మొదటి పేరు నాది రాసుకోండి. రెండో పేరు ఈ సభ నుంచే రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.