కాలిబంతి యాట – ఆత్మవిశ్వాసము
(ఒంటిమిట్ట వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నిన్నటినుండి యీ పందిటిలో నూలుధరలను గూర్చియు, సహకారసంఘముల బాకీలను గూర్చియు, బాలుర వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. వారి తరువాత కాలిబంతి యాటను గూర్చి మాటలాడుటకు నేను లేచితిని. వెనుక వరుసలలో కొందరు నవ్వుకొనుచుండుట నాకు కనబడుచునే యున్నది. ముప్పదియేండ్లు వ్యాయామోపాధ్యాయుడనై, మెడను ఈల వ్రేలాడదీసికొని బ్రతికినవాడను గనుక ఆ నవ్వు నాకు క్రొత్త గాదు. ఆహ్వానసంఘమువారు నాకిచ్చిన విషయము "ఆత్మవిశ్వాసము, దేశసేవ" యనునది. ఆ మాటలు వినుటకు గంభీరముగ నున్నవి. నేనెరిగిన నేలమీద, అనగా రెండు గోలుకంబముల నడుమ, అవి యెట్లుండునో మాత్రమే నేను చెప్పగలను.

మొదట నా తప్పు చెప్పుకొందును. నేను మగ్గపు గుంట ప్రక్కను పుట్టి పెరిగినవాడను. కాలిబంతి పుణ్యమా యని 1974లో హైదరాబాదున ఒక జట్టులో చోటు దొరకెను. ఆటకొరకే యుద్యోగమిచ్చు దినములవి. నేను ఫార్వర్డును, గోలు కొట్టుటయే నా పని యని నా నమ్మకము. ఒకనాడు మా శిక్షకుడు నన్ను పిలిచి, "బ్యాకు కాలు విరిగినది. రేపటి పందెములో నీవు వెనుక నిలువవలెను" అనెను. "నేను గోలు కొట్టువాడను గాని కావలి కాయువాడను గాను" అని బదులు చెప్పితిని. ఆయన మారుమాట పలుకలేదు. మరునాడు నా చోట వేరొకడు నిలిచెను. ఆ యేడాదియంతయు నేను గట్టుమీద కూర్చుంటిని. మరుసటి యేడు జట్టులో నా పేరు లేదు. ఆ దినమున నేను పలికిన మాటను ఆత్మవిశ్వాసమని చాలకాలము భ్రమపడితిని. అది కేవలము అహంకారమని తెలియుటకు నాకు చాల యేండ్లు పట్టెను.

అట్లు తెలియుటకు కారణము, ఆ హైదరాబాదులోనే నాకంటె ముందటి తరమువారి చరిత్ర. వారి యాటను నేను కన్నులార చూడలేదు. వారు దేశమునకు పేరు తెచ్చుచున్న దినములలో నేను బడికిపోవు బాలుడను. కాని వారితో ఆడిన పెద్దలు మైదానపు గట్లమీద కూర్చుండి చెప్పినవి ఎన్నోమారులు వింటిని.

సికిందరాబాదు దండుప్రాంతమున అమ్ముగూడ యను పల్లె కలదు. తులసీదాస్ బలరామ్‌గారు 1936లో అచ్చట బీదయింట పుట్టిరి. తలిదండ్రులు తమిళులు. బూట్లు కొనుటకు డబ్బు లేక, పోలీసువారు విడిచిన పాతబూట్ల తోలుతో కుట్టించుకొని ఆడిరని చెప్పుదురు. ఆ కుఱ్ఱవానిని చూచి చేరదీసినవారు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. రహీముగారు మొదట పాఠశాలోపాధ్యాయులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శులైరి. పోలీసుజట్టునకును, పిదప భారతదేశపు జట్టునకును శిక్షకులైరి. వారి పోలీసుజట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను. అమ్ముగూడనుండి పట్టణమునకు దినదినము వచ్చుటకు బలరాముగారియొద్ద సైకిలు లేకుండెను. బాడుగ సైకిలునకు వలసిన డబ్బు రహీముగారే యిచ్చిరట.

ఈ సైకిలుబాడుగ మాటను దయచేసి మనసున నుంచుకొనుడు. తరువాత మరల దానియొద్దకే వత్తును.

రహీముగారు బోధించిన పద్ధతులలో నొకటి మన నేతవారికి సులభముగ బోధపడును. కుడికాలు బలమైనవాడు ఎడమకాలితోనే ఆడవలెనను నియమముతో పందెములు పెట్టించెడివారు. బంతిని కాలియొద్ద నుంచుకొని వేడుక చూపుట కూడదు, వెంటనే తోడివానికి అందింపవలెననునది మఱియొక పందెపు నియమము. మాధవరములోను, పుల్లంపేటలోను గుంటమగ్గముపై కూర్చున్న మన పిల్లవాడు ఏమి చేయుచున్నాడు? కుడికాలు బలమైనదని దానితోనే చెక్కను త్రొక్కిన పడుగు విచ్చుకొనునా? రెండుకాళ్లును వంతులవారిగ పని చేయవలెను. నాడె అటునుండి వచ్చినంతనే ఇటునుండి పోవలెను. ఎవని చేతను నిలువరాదు. మా నాయనగారు కాలిబంతిని ఏనాడును చూచి యెరుగరు గాని, రహీముగారి పాఠములో సగము వారికి కాళ్లకే తెలియును. ఈ మాట ఆనాడు నాకు స్ఫురించియున్న, వెనుక నిలువుమన్నప్పుడు నోరు మూసికొని నిలిచియుందును.

ఇక వారు దేశముకొరకు ఆడిన యాటను గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియావారు మనవారిని 10-1 గోళ్లతో ఓడించిరి. మనవారిలో పలువురు చెప్పులు లేని కాళ్లతో ఆడిరి. అప్పుడును శిక్షకులు రహీముగారే. అట్టి పరాభవము తరువాత మఱియొకరైన తల దాచుకొని ఇంట కూర్చుందురు. ఆయన పిల్లలకు బూట్లు తొడిగి, క్రొత్త పద్ధతులు నేర్పిరి. నాలుగేండ్లకు 1956లో మెల్బోర్న్ నగరమున మనజట్టు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాలుగవ స్థానమున నిలిచెను. ఇరువదేండ్ల బలరాముగారు ఆ జట్టులో నుండిరి. 1960లో రోము నగరమున ఆయన హంగెరీపై నొకటియు, పెరూపై నొకటియు గోళ్లు కొట్టిరి. ఆ రెండాటలును మనవారు ఓడిరి. ఫ్రాన్సుతో 1-1 సమానముగ ముగించిరి. ఓడిన యాటలో కొట్టిన గోలును ఎవరును ఎక్కువకాలము తలంపరు. నాకు మాత్రము హంగెరీపై గోలే యెక్కువ యిష్టము.

1962లో జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరిగెను. మొదటి యాటలోనే దక్షిణకొరియావారు మనలను 2-0తో ఓడించిరి. తరువాత థాయిలాండును గెలిచితిమి గాని, ఆ యాటలో వెనుకవరుసకు ప్రాణమువంటి జర్నయిల్ సింగుగారికి తల పగిలి కుట్లు పడినవి. జపానును 2-0తో గెలిచిన యాటలో ఆయన లేరు. ఆనాటి గోళ్లలో బలరాముగారి దొకటి. సెమీఫైనలునకు రహీముగారొక సాహసము చేసిరి. కుట్లు మానని జర్నయిల్ సింగును, వెనుక నిలిచి కాచువానిని, ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డుగా నిలిపిరి. ఆయన దక్షిణ వియత్నాముపై గోలు కొట్టెను. మనవారు 3-2తో గెలిచిరి.

సెప్టెంబరు 4వ తేదీ ఫైనలు. ఎదుట మరల ఆ కొరియావారే. ఇజ్రాయెలు, తైవానులను క్రీడలకు రానీయని విషయమై భారతీయుడగు జి.డి. సోంధీగారు ఆక్షేపించినందున ఆ యూరివారు మనవారిపై మండిపడుచుండిరి. క్రీడాప్రాంగణము నిండిన జనులలో ఎక్కువమంది మనవారిని గేలి చేయుటకే గొంతు చించుకొనిరి. జ్వరముతో పడియున్న గోల్ కీపరు పీటర్ తంగరాజుగారు లేచి వచ్చి గోలున నిలిచిరి. మొదటి సగములోనే ప్రదీప్ కుమార్ బెనర్జీగారొకటి, తల కుట్లతోనున్న జర్నయిల్ సింగుగారొకటి గోళ్లు కొట్టిరి. కొరియావారు చివర నొకటి కొట్టిరి. 2-1తో బంగారుపతకము మనదయ్యెను.

వెనుకకు పొమ్మన్నందుకు నేనలిగితిని. ముందుకు పొమ్మన్నందుకు ఆయన తలకుట్లతోడనే వెడలెను. ఈ రెండును ఒక తూకమునకు వచ్చునవి కావని నాకు తెలియును. నాది ఊరిపందెము, వారిది దేశము. అయినను ఊరిపందెములో నిలువలేనివాడు జకార్తాలో నిలుచునా?

ఆ జట్టులోనే హైదరాబాదువారగు యూసుఫ్ ఖానుగారు కలరు. వారు ముందువరుసలోను, నడుమను, వెనుకను గూడ ఆడగలిగినవారు. బలరాముగారు సయితము ఎడమ అంచున ఒకనాడు, లోపలివైపున ఒకనాడు, నడుమ నొకనాడు ఆడిరి. ఎచ్చట నిలిపినను అచ్చటనే నిలుచువానికి పేరు తక్కువ వచ్చునను భయము యువకులలో కలదు. ఆ భయము నిజమే యని నేను దాచక చెప్పుచున్నాను. బలరాముగారికి 1962లో అర్జున బహుమానము లభించెను. ఊపిరితిత్తుల జబ్బుచే 1963 తరువాత ఆయన ఆట విడువవలసి వచ్చెను. అప్పటికి ముప్పదియేండ్లయినను నిండలేదు. సహచరులగు చునీ గోస్వామిగారికిని, బెనర్జీగారికిని పద్మశ్రీ లభించెను గాని ఆయనకు లభింపలేదు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసిరి. రహీముగారు జకార్తా విజయము తరువాత ఏడాదియైన నిండకుండ 1963 జూనులో పుట్టకురుపుచే స్వర్గస్థులైరి. మన జిల్లాలో ఎందఱు వ్యాయామోపాధ్యాయులకు ఆయన పేరు తెలియునో నేను లెక్క వేయ సాహసింపను.

పాతకథలు చాలునందురేమో. నిజామాబాదు జిల్లా లంబాడీ తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య మొదట పరుగుపందెముల బాలిక. పరుగు చూచి ఒక శిక్షకుడు కాలిబంతికి మరల్చిరి. ఆమె దేశపుజట్టులో ఆడి, 2022లో క్రొయేషియా దేశపు జాగ్రెబ్ నగరమునకు పోయి అచ్చటి డైనమో జట్టులో చేరినది. 2025లో అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్యవారు ఆమెను ఆ సంవత్సరపు ఉత్తమక్రీడాకారిణిగ నెన్నుకొనిరి. తండానుండి జాగ్రెబునకు దారి యున్నప్పుడు మన పల్లెలనుండి కడపకైన దారి లేదా?

ఇప్పుడు సైకిలుబాడుగయొద్దకు వత్తును. నా సంచిలో నొక యర్జీ యున్నది. మన కులమున పుట్టిన పదునైదేండ్ల బాలిక వ్రాసినది. పేరు చెప్పుట మర్యాద గాదు. తండ్రికి ఒక మగ్గము, రెండు బాకీలు. ఆ బాలిక గోల్ కీపరు. పోయిన యేడు ఫార్వర్డునకు జబ్బుచేయగా ముందుకు పోయి ఆడినది. పందెము ముగిసిన తరువాత మరల చెప్పకుండనే గోలునకు పోయి నిలిచినది. ఆ దినమున నేను గట్టుమీద నుంటిని. 1974లో నేను చేయలేనిదానిని ఆ పిల్ల నన్నడుగకుండనే చేసినది. బూట్లకు, చేతితొడుగులకు, శిక్షణశిబిరమునకు పోవు రైలుఖర్చులకు 6,000 రూపాయలు మన విద్యార్థినిధినుండి యిప్పింపుడని కోరినది. "ఆట విద్య గాదు, ఆడుపిల్లకు అసలే గాదు" అని అర్జీ తిరిగి వచ్చినది. అట్లు వ్రాసినవారు దుర్మార్గులు గారు. వారు నా స్నేహితులు, నిధికై యెండలో తిరిగి చందాలు పోగుచేసినవారు. నిధి నియమములలో "చదువు" అను మాట యున్నది, "ఆట" యను మాట లేదు. నియమమును మార్చుట యీ మహాసభ చేతిలోని పని.

ధనము లేదందురా? ఈ యూరిలో అడుగుటకు సిగ్గుపడ నవసరము లేదు. వావిలికొలను సుబ్బారావుగారు చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో పండితపదవి నిర్వహించినవారు. అట్టివారు ఈ కోదండరాముని గుడిని ఉద్ధరించుటకు టెంకాయచిప్ప చేతబట్టి యూరూర యాచించిరి. దేవునికొరకు చేసిన యాచనతో నా యాచనను సరిపోల్చుట లేదు. చిప్ప పట్టుటకు ఆయన సంకోచింపలేదని మాత్రమే జ్ఞాపకము చేయుచున్నాను.

తీర్మానమును రెండు వాక్యములలో వ్రాసి తెచ్చితిని. విద్యార్థినిధి నియమములలో "చదువు" తరువాత "క్రీడలు" అను మాట చేర్పవలెననునది యొకటి. బాలికలకును అది వర్తింపవలెననునది రెండవది. ఆ 6,000 రూపాయలలో మొదటి వేయి నా పింఛనునుండి ఈ కవరులో నుంచితిని. శిబిరము వచ్చు సోమవారము మొదలగును. అచ్చటికి పోవు రైలు ఆదివారము రాత్రి యున్నది. అధ్యక్షులవారు అనుజ్ఞ యిచ్చినచో ఈ కాగితమును, కవరును వారి బల్లపై నుంచి నా స్థానమునకు పోయెదను.