ఆపన్నరక్షణము - మన కర్తవ్యము
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)

   

 విద్యార్థి వసతిగృహమును గూర్చియు, విద్యార్థివేతనములను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు మాకన్న నెక్కుడుగా నెఱిఁగిన పెద్దలు ముచ్చటింతురు. మేము వేఱొక విషయమును మీ సన్నిధి నుంచఁ దలఁచితిమి. అది వినుట కింపైనది కాదు. కాని సంఘమను పేరు ధరించిన ప్రతి కూటమియు నెప్పుడో యొకప్పుడు దానికి బదులు చెప్పుకొనవలసియే యున్నది. పదిమంది చూచుచుండఁగా నొక మనుష్యుఁడు చంపఁబడునపుడు ఆ పదిమందియు నేల కదలరు?

2022వ సంవత్సరము మే 4వ తేదీ రాత్రి హైదరాబాదులోని సరూర్‌నగరమున జరిగిన ఘోరమును మీలోఁ బెక్కుమంది యెఱుఁగుదురు. వేఱు మతములకుఁ జెందిన యువతీయువకులు ప్రేమించి పెండ్లియాడి కొన్ని నెలలే యైనది. దంపతులు బండిమీఁద పోవుచుండఁగా వధువు సోదరుఁడు మఱియొకనితోఁ గూడి వారి నడ్డగించెను. నడివీథిలో భార్య కన్నులయెదుట నా యువకుఁడు హతుఁడయ్యెను. వీథి నిర్జనము కాదు. జనులు నిలిచి చూచిరి. సెల్‌ఫోనులు పైకి లేచినవి. ఆ దృశ్యము దేశమంతట వ్యాపించినది. తా నెందఱినో బతిమాలితిననియు, నెవరును ముందునకు రాలేదనియు నా యువతి పత్రికలవారితోఁ జెప్పికొని యేడ్చినది.

ఆ వార్త చదివి "కలికాలము" అని నిట్టూర్చి మనము పత్రిక మడిచితిమి. ఆ మాట మిక్కిలి సులభమైనది. నిందను కాలముమీఁదికిఁ ద్రోసి మనలను విడిపించును. కాని యచ్చట నిలిచినవారు రాక్షసులు కారు. మనవంటివారే, బిడ్డలుగలవారే, మఱునాఁడు దేవాలయమునకో మసీదునకో పోయినవారే. కావున వారి చేతులను గట్టివేసిన దేమో విచారింపవలెను.

ఈ విచారణ కొక విదేశ వృత్తాంతము మొదలు. 1964 మార్చి 13వ తేదీ వేకువజామున న్యూయార్కు నగరమునఁ గిట్టీ జెనోవీస్ అను 28 ఏండ్ల యువతి తన నివాస సమీపమున హత్య గావింపఁబడినది. 30 మందికిఁ బైఁగా పొరుగువారు చూచుచునే యూరకుండిరని రెండు వారములకు న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటించినది. లోకము నివ్వెఱపోయినది. తరువాతి పరిశోధనలో నా వ్రాఁత యతిశయోక్తి యని తేలినది. పెక్కుమంది కేక మాత్రమే వినిరి, చూచినవారు కొలఁదిమందియే, ఒక పొరుగింటి స్త్రీ మెట్లు దిగి వచ్చి యా యభాగ్యురాలిని తన చేతులలో నుంచుకొనినది. తన మొదటి కథనము దోషయుక్తమని యా పత్రికయే 2016లో నంగీకరించినది. లోకమునందు నిందయే వేగముగా వ్యాపించును. మెట్లు దిగివచ్చిన యా తల్లిని దీర్ఘకాలము తలఁచినవారు లేరు.

అయినను ఆ వార్తవలన నొక మేలు కలిగినది. బిబ్ లాటనే, జాన్ డార్లీ యను నిరువురు పండితులు దీనిని శాస్త్రీయముగాఁ బరీక్షింపఁ బూనుకొనిరి. వారు 1968లోఁ బ్రకటించిన పరీక్ష యిట్టిది. విద్యార్థులను వేఱువేఱు గదులలోఁ గూర్చుండఁబెట్టి యంత్రముద్వారా సంభాషింపఁజేసిరి. నడుమ నొకనికి మూర్ఛ వచ్చినట్లు కంఠధ్వని వినఁబడినది. వినువాఁడను నే నొక్కఁడనే యని తలఁచినవారిలో నూటికి 85 మంది యా మూర్ఛ ముగియకమునుపే సాయమునకై లేచిరి. మఱి నలుగురు కూడ వినుచున్నారని తలఁచినవారిలో నూటికి 31 మందియే లేచిరి. లేవనివారు నిర్దయులా? కారు. వారి చేతులు వడఁకుచుండెను. ఆ రోగి కేమైనదని వారే యాతురతతో నడిగిరి. "మఱియొకఁడు పోయియుండును" అను తలంపే వారిని గూర్చుండఁబెట్టినది. "పదిమందిలోఁ బాము చావదు" అని మన పెద్ద లేనాఁడో చెప్పిన మాటయే యిది.

వారే చేసిన వేఱొక పరీక్షలో గదిలోనికిఁ బొగ వదలిరి. ఒంటరిగా నున్నవారిలో నూటికి 75 మంది లేచి తెలియఁజేసిరి. ఏమియుఁ బట్టనట్లు నటించు నిరువుర నడుమఁ గూర్చున్నవారిలోఁ బదింట నొకఁడే లేచెను. ప్రతివాఁడు తక్కినవారి మొగములను జూచును. తక్కినవారు వీని మొగము చూతురు. ఎవరును కదలకపోవుటచే నాపద లేదనియే యందఱును నిశ్చయించుకొందురు.

ఇవి రెండు కారణములు. మూఁడవది మన దేశమునకు మఱింత దగ్గరయైనది. 1976లో అమెరికాయందుఁ బ్రకటింపఁబడిన యొక పరీక్షలో నొక పురుషుఁడు స్త్రీపైఁ బడి కొట్టుచున్నట్లు నటించెను. "నీ వెవరో నే నెఱుఁగను" అని యామె యఱచినపుడు చూచువారిలో నూటికి 65 మంది యడ్డుపడిరి. "నిన్నేల పెండ్లియాడితినో" అని యఱచినపుడు 19 మందియే కదలిరి. దెబ్బ యదియే, కేక యదియే. మగఁడు కొట్టుచున్నాఁడని తోఁచినంతనే యది "వారి యింటి గొడవ" యైనది. సరూర్‌నగరములో నిలిచిన కొందఱి మనస్సులోనైనను నిట్టి తలంపు మెదలియుండఁగూడదా? అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, పరువు, పెండ్లి - ఈ మాటలు వినఁబడినచో మన వీథులలో మంచివారు సైతము రెండడుగులు వెనుకకు వేయుదురు.

నాలుగవ కారణమును జెప్పుటకే మే మీ వేదిక నెక్కితిమి. ఇంగ్లాండులోని లాంకాస్టరు విశ్వవిద్యాలయమున 2005లోఁ బ్రకటింపఁబడిన పరీక్ష యొకటి కలదు. మాంచెస్టర్ యునైటెడ్ అను ఫుట్‌బాల్ జట్టు నభిమానించువారి యెదుట నొకఁడు పఱుగెత్తుచు జాఱిపడి కాలు నొచ్చినట్లు మూల్గెను. వాఁడు తమ జట్టు చొక్కా తొడిగియున్నపుడు దాదాపందఱును సాయపడిరి. ప్రతిపక్షమైన లివర్‌పూల్ చొక్కా తొడిగినపుడు చాలమంది దాఁటిపోయిరి. తరువాత వేఱొక సమూహముతో "మనమందఱము ఫుట్‌బాల్ ప్రియులము" అను భావము ముందుగాఁ గలిగించి పరీక్షింపఁగాఁ బ్రతిపక్షపు చొక్కావానికిని జాలమంది సాయపడిరి.

సోదరులారా! ఆ చొక్కా యేదియో మనకుఁ దెలియును. ఆపదలో నున్నవానిఁ జూచినపుడు మనలోఁ బెక్కుమంది నోటికి మొదట వచ్చు ప్రశ్న "ఏమైనది?" యని కాదు, "ఎవరివాఁడు?" అని. మనవాఁడైనచోఁ బఱుగెత్తుదుము, కానిచో వానివారు వత్తురనుకొందుము. ఈ ప్రశ్నను మనకు నేర్పినదెవరు? కొంతవఱకు మనవంటి సంఘములే నేర్పినవని మేము సిగ్గుతో నొప్పుకొనుచున్నాము. సంఘము చెడ్డదని మా యభిప్రాయము కాదు. అనాథబాలుర చదువులకు ధనమిచ్చిన దీ "మనవాఁడు" అను మాటయే. అయితే యా మాటకు గోడ కట్టితిమా, వాకిలి పెట్టితిమా యన్నదే ప్రశ్న. రక్తము కారుచున్న ప్రతివాఁడును మనవాఁడే యని మన పిల్లలకుఁ జెప్పఁజాలని సంఘము ఎన్ని సత్రములు కట్టించినను గొఱఁతపడియే యుండును.

కొందఱు పెద్దలు "కత్తి పట్టినవాని యెదుటికిఁ బోయి మేముకూడఁ జావవలెనా? బ్రతికినను కోర్టులచుట్టుఁ దిరుగవలెనా?" అని యడుగుదురు. ఈ భయము న్యాయమైనదే. దీనిని హేళన చేయరాదు. మేమెవరిని గత్తికి ఱొమ్మొడ్డుఁ డనుట లేదు. దూరమున నుండియే కేకలు వేయవచ్చును, 112 నకు ఫోను చేయవచ్చును, "ఓ యెఱ్ఱచొక్కా నాయనా! నీవు పోలీసులను బిలువుము, అమ్మా! నీవు నీళ్లు తెమ్ము" అని యొక్కొక్కరిని వ్రేలుతోఁ జూపి పని చెప్పవచ్చును. పని పంచఁబడినచో "మఱియొకఁడు చూచుకొనును" అను తలంపునకుఁ దావుండదు. దృశ్యము తీయుట తప్పు కాదు, సాక్ష్యమునకుఁ బనికివచ్చును. సాయమునకు మాఱుగాఁ దీయుటయే తప్పు.

చట్టమును గూడ నెఱుఁగుఁడు. తన దేహమునేకాక యన్యుల దేహమును రక్షించు హక్కును సైతము మన శిక్షాస్మృతి పరిమితులకు లోఁబడి యిచ్చియున్నది. గాయపడినవానికి వెంటనే చికిత్స చేయుట ప్రతి వైద్యుని విధియని 1989లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. రోడ్డు ప్రమాదములలో సాయపడినవారిని వేధింపరాదని 2016లో నాదేశించినది; 2019లో నది మోటారు వాహనముల చట్టమునఁ జేరినది. 2018లో సాక్షుల రక్షణకై యొక పథకము నామోదించినది. 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము జరిగిన తావు తమ పరిధిలోనిది కాదని పోలీసులు త్రిప్పి పంపరాదు. వాయిదాల బాధ తీఱినదని మేము చెప్పఁజాలము. కాని యా బాధను పంచుకొనుటకే గదా సంఘము!

కావున మూఁడు మనవులు చేయుచున్నాము. మొదటిది: మన వసతిగృహములలోని బాలబాలికలకుఁ బ్రతి సంవత్సరము ప్రథమచికిత్సయు, నాపదలో మెలఁగవలసిన తీరును నేర్పింపవలెను. రెండవది: ఆపన్నునికై సాక్ష్యము చెప్పువాఁడే కులమువాఁడైనను, వానితోఁ గోర్టునకుఁ బోవుటకు మన న్యాయవాదులు కొందఱు ముందునకు రావలెను. మూఁడవది కఠినమైనది. పరువు పేరిట హత్య చేసినవాఁడు మనవాఁడైన యెడల వానికై చందాలు పోగుచేయరాదు; వానిని దాఁపరాదు; వాని మెడలో దండ వేయరాదు. మనవానికి న్యాయవాదిని బెట్టుకొను హక్కు చట్ట మిచ్చినది; మెచ్చుకోలు నిచ్చు హక్కు మనకు లేదు.

నిరాశకుఁ గారణము లేదు. 2019లోఁ బ్రకటింపఁబడిన యొక పరిశోధనలో మూఁడు దేశముల నగరవీథులలోని కెమెరాలు పట్టిన 219 కలహములను బరిశీలింపఁగా, నూటికి 91 సందర్భములలో నొక్కఁడైనను కలుగఁజేసికొని యుండెను. జనులు హెచ్చినకొలఁది సాయము దొరకు సంభవమును హెచ్చినది. పదిమంది చేరుట శాపము కాదు. మొదటివాఁడు కదలకపోవుటయే శాపము.

నిండుసభలో ద్రౌపది పరాభవింపఁబడునాఁడు పెద్దలెందఱో తలలు వంచుకొనిరి. లేచి యిది యధర్మమని పలికినవారిలో వికర్ణుఁ డొకఁడు. అతఁడు పాండవపక్షమువాఁడు కాఁడు, దుర్యోధనుని తమ్ముఁడే. తనవారి తప్పును దనవారి నడుమనే చెప్పఁగలిగినవాఁ డట్టి యొక్కఁడైనను మన ప్రతి గ్రామశాఖయందు నుండుఁగాక యని కోరుచున్నాము.