తౌబా చేసినవానికి తావెక్కడ?

 



మద్యం నిషిద్ధమని ఈ మింబర్ మీది నుండి మనం ఎన్నోసార్లు విన్నాం. ఆ సంగతి తెలియని ముస్లిం ఆదోనిలో గాని ఎమ్మిగనూరులో గాని లేడు. తాగేవానికి కూడా తెలుసు. కనుక ఈ జుమా నాడు మనం తాగుతున్నవాని గురించి కాక, మానినవాని గురించి మాట్లాడుకుందాం. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి, చేతుల వణుకు తగ్గి, కన్నీళ్లతో తౌబా చేసి బస్సు దిగిన మనిషి ఆ రాత్రి ఎక్కడ తల వాల్చాలి? ఏ గదిలో తాగాడో ఆ గదిలోనేనా? ఏ సందు చివర సీసా కొన్నాడో ఆ సందులో నుండే మరునాడు పనికి వెళ్లాలా?

బుఖారీ, ముస్లిం గ్రంథాలలో అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఒక వృత్తాంతం మనందరికీ తెలిసినదే. తొంభై తొమ్మిది మందిని చంపిన ఒక మనిషి పశ్చాత్తాపానికి దారి వెతికాడు. అతడు మొదట కలిసిన సన్యాసి నీకు దారి లేదన్నాడు. అతణ్ణి కూడా చంపి నూరు పూర్తి చేశాడు. తరువాత కలిసిన విద్వాంసుడు మాత్రం నీకూ తౌబాకూ మధ్య ఎవరూ అడ్డు నిలవలేరని చెప్పాడు. అయితే అంతటితో ఆగలేదు. ఫలానా ప్రాంతానికి వెళ్లు, అక్కడ దైవారాధన చేసే జనం ఉన్నారు, వారితో కలిసి ఆరాధించు, నీ ఊరికి తిరిగి వెళ్లకు, అది చెడ్డ ఊరు అని ఉపదేశించాడు. ఆ మనిషి సగం దారిలో మరణించాడు. దైవదూతలు దూరం కొలిచినప్పుడు మంచివారి ఊరికి జానెడు దగ్గరగా ఉన్నాడు. ఆ జానెడే అతణ్ణి కాపాడింది.

ఈ వృత్తాంతాన్ని మనం అల్లాహ్ కారుణ్యానికి నిదర్శనంగా చెప్పుకుంటాం. అది నిజమే. కాని అందులోని విద్వాంసుడు చేసిన పనిని కూడా గమనించండి. పాపికి క్షమాపణ ఉందని చెప్పి పంపివేయలేదు, చిరునామా ఇచ్చి పంపాడు. ఏదో ఒక వేరే ఊరికి పొమ్మనలేదు, మంచివారున్న ఊరికి పొమ్మన్నాడు. ఈ తేడాను మన ఇళ్లలో చాలామంది గ్రహించడం లేదు. కొడుకు తాగుతున్నాడని బెంగళూరు కట్టడపు పనులకు పంపుతారు, లేదా గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే గుంపులో కలుపుతారు. ఊరు మారుతుంది, సహవాసం మారదు. సాయంత్రం కాగానే అదే పిలుపు. ఇంకొందరు పెళ్లి చేస్తే బాగుపడతాడంటారు. అంటే పరాయివారి కూతురిని ఆసుపత్రిగా వాడుకోవడమన్నమాట! దీనికి మించిన అన్యాయం మరొకటి లేదని మేము భావిస్తున్నాం.

మద్యనిషేధపు తుది ఆజ్ఞ మదీనాలో ప్రకటితమైనప్పుడు అనస్ (రజి) అబూ తల్హా (రజి) ఇంట అతిథులకు మద్యం పోస్తున్నారు. ప్రకటన చెవినపడగానే ఉన్నదంతా పారబోశారు. మదీనా వీధులలో మద్యం ప్రవహించింది. ఆ సాయంత్రం మానినవానికి ఊరంతా తోడుగా ఉంది. పొరుగువాడూ మానాడు, మిత్రుడూ మానాడు, పోసే చెయ్యి సైతం మానింది. మన కాలంలో మానేవాడు ఒంటరిగా మానుతున్నాడు. ఆదోని పత్తి మార్కెట్ యార్డులో మూటలు మోసిన హమాలీకి కూలి చేతికి వచ్చేది సాయంత్రమే. ఎమ్మిగనూరు మగ్గాల మీద పనిచేసేవానికి బట్వాడా రోజు ఒకటి ఉంటుంది. ఆ డబ్బు జేబులో పడిన గంటలోపే తోటివారు పిలుస్తారు. పిలిచేవారు శత్రువులు కారు, నిన్నటి దాకా కష్టసుఖాలు పంచుకున్నవారే. అందుకే ఆ పిలుపును కాదనడం అంత కష్టం. చట్టం మీద ఆశ పెట్టుకుందామంటే, మన రాష్ట్రంలో 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే సడలిపోయింది. పైగా తుంగభద్ర దాటితే మరో రాష్ట్రం.

సోదరులారా! ఇది ఏదో నలుగురి సమస్య కాదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ ఢిల్లీ ఎయిమ్స్ ద్వారా జరిపించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, దేశంలో 5.7 కోట్లమందికి పైగా ప్రజలకు మద్యం విషయంలో సహాయం అవసరం. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆ ఒక్కడు కూడా తిరిగి వచ్చి పాత గదిలో పడిపోతే, మిగిలిన ముప్పై ఏడుగురికి మనం ఏ ఆశ చూపగలం?

ఇల్లు వెతకడానికి ముందు ఒక మాట. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజులలో ఫిట్స్ రావచ్చు, మతి భ్రమించవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కనుక మొదటి గడప ఆసుపత్రిదే. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రమే ఉంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14446 అనే ఉచిత నంబరుకు, లేదా మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఖుర్ఆన్ మీద ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళం వేయడం చికిత్స కాదు. ఒట్టు తప్పిన నాడు సిగ్గు రెట్టింపై, ఆ సిగ్గును మరచిపోవడానికి మళ్లీ తాగుతాడు. తాగేవారికి తెలియకుండా అన్నంలో కలిపే మందు అంటూ గోడల మీద కనిపించే ప్రకటనలను అసలే నమ్మకండి. డైసల్ఫిరామ్ అనే మందు అటువంటిదే. డాక్టరు పర్యవేక్షణలో, రోగి ఎరుకతో ఇవ్వవలసిన దానిని చాటుగా ఇస్తే, దాని మీద మద్యం తాగినవాని ప్రాణమే పోవచ్చు.

ఆసుపత్రి తరువాత కొన్ని నెలలు మానినవారు మానినవారితో కలిసి ఉండే ఇల్లు కావాలి. దానిని కొందరు హాఫ్‌వే హోమ్ అంటారు. ఎక్కడ దొరికినా, డబ్బు కట్టే ముందు కుటుంబమే స్వయంగా వెళ్లి చూడాలి. చికిత్స ఇస్తామని చెప్పే కేంద్రమైతే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నమోదైనదా అని కాగితం అడగండి. అడిగితే కోపగించుకునే చోటు నుండి వెంటనే లేచి రండి. లోపల ఉన్నవారితో ఎవరూ పక్కన నిలబడకుండా మాట్లాడనిస్తారా, ఇంటికి ఫోన్ చేయనిస్తారా, డాక్టరు ఏ రోజు వస్తాడు, కట్టిన ప్రతి రూపాయికి రసీదు ఇస్తారా, నమాజుకూ పనికీ బయటికి పంపుతారా అని విచారించండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకడు కాలుజారి తాగి వస్తే ఏం చేస్తారని అడగండి. కొడతామని చెప్పినా, అర్ధరాత్రి వీధిలోకి నెడతామని చెప్పినా అది మీ వాడికి తగిన చోటు కాదు. ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఇంటికి కబురు చేస్తామన్న చోట నిజాయితీ ఉంది.

గొలుసు కనిపిస్తే మాత్రం మరేమీ అడగనక్కరలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకొని వచ్చిన మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు నివాసంలో మంటలు చెలరేగాయి. గొలుసులతో కట్టి ఉన్నందున పారిపోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడ విడిచి వెళ్లినది కన్నవారే, మేలు కలుగుతుందన్న ఆశతోనే. ఏ రోగినీ గొలుసులతో బంధించరాదని పైన చెప్పిన చట్టం స్పష్టంగా నిషేధించింది.

మనకు అందుబాటులో అటువంటి ఇల్లు దొరకకపోతే? అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 1975లో ఇదే ప్రశ్న ఎదురైంది. తామున్న నివాసం మూతపడబోతుంటే, తాగుడు మానిన కొందరు ఆ ఇంటిని తామే అద్దెకు తీసుకున్నారు. దానికి ఆక్స్‌ఫర్డ్ హౌస్ అని పేరు పెట్టారు. వార్డెన్ లేడు, జీతగాడు లేడు. అద్దె అందరూ పంచుకుంటారు, నిర్ణయాలు ఓటుతో తీసుకుంటారు, మళ్లీ తాగినవాడు ఇల్లు విడవాలి. నేడు అటువంటి ఇళ్లు వేల సంఖ్యలో ఉన్నాయి. లియోనార్డ్ జేసన్ అనే పరిశోధకుని బృందం చికిత్స ముగిసిన 150 మందిని గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. రెండేళ్ల తరువాత, ఈ ఇళ్లకు పంపిన సగంమందిలో మత్తు వాడుతున్నవారు 31 శాతం, మామూలు అనంతర సంరక్షణకే పంపిన మిగతా సగంలో 65 శాతం. అక్కడ పనిచేసినవి ఒక వంటగది, ఒక అద్దె చీటీ, ఒకరినొకరు కనిపెట్టుకొని ఉండే కళ్లు మాత్రమే.

ఇది మన మొహల్లాలకు అసాధ్యమైన పనేమీ కాదు. దైవప్రవక్త (సఅసం) మస్జిద్‌కు ఆనుకొని ఉన్న సుఫ్ఫా అరుగు మీద ఇల్లూ వాకిలీ లేని సహాబీలు నివసించేవారు. మనకు కావలసింది మద్యం దుకాణానికి దూరంగా, మస్జిద్‌కు దగ్గరగా రెండు గదుల ఇల్లు. ముగ్గురు నలుగురు మానినవారు. వారిలో ఒకడైనా మాని ఏడాది దాటినవాడై ఉండాలి. వారి సంపాదనలో అద్దె భాగం పోగా మిగిలినది భార్యాబిడ్డలకు చేరాలి. ఆ చేరిక విషయంలో ఏ సడలింపూ ఉండరాదు. మగవాడు మారుతున్నాడన్న మాట మీద ఆడవారు పస్తులుండకూడదు. ఆ కొన్ని నెలలు ఇంట్లో ఆమెకూ భయం లేని నిద్ర దొరుకుతుంది. అది చికిత్సాలయం కాదు కనుక ఎవరినీ బలవంతంగా ఉంచరాదు, డాక్టరు రాసిన మందు తప్ప మరొకటి ఇవ్వరాదు. గుమ్మంలో నిలబడినవాని మతం అడగరాదు. తాగుడు హిందువు ఇంటినీ మన ఇంటినీ ఒకేలా కూల్చింది.

తాగుబోతులకు ఇల్లు ఎవరిస్తారని యజమానులు అనడం సహజం. వారి భయాన్ని తప్పుపట్టలేం. అద్దెకు మస్జిద్ కమిటీ జామీను ఉంటే ఆ భయం సగం తీరుతుంది. అద్దె కట్టలేని పేదవానికి జకాత్ వర్తిస్తుందో లేదో, ఎంతవరకు వర్తిస్తుందో ముఫ్తీ గారిని అడిగి నిర్ణయించుకోవచ్చు. సదఖాకు ఆ ప్రశ్నే లేదు.

మాటల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ప్రవక్త (సఅసం) కాలంలో అబ్దుల్లాహ్ అనే సహాబీ మద్యం తాగినందుకు పదేపదే శిక్షకు గురయ్యారు. ఒకరు ఆయనను శపించగా ప్రవక్త (సఅసం) వారించి, ఆయనకు అల్లాహ్ పట్ల, ప్రవక్త పట్ల ప్రేమ ఉందని తెలిపారు. శిక్ష ఆగలేదు, శాపం మాత్రం ఆగింది. మానినవాడు సఫ్‌లో మన పక్కన నిలబడినప్పుడు ముక్కు చిట్లించడం, మళ్లీ ఎన్నాళ్లో అని గుసగుసలాడడం వంటివి ఈ మస్జిద్‌లో వినబడకూడదు.

ఖాళీ గది ఉన్నవారు, తాగుడు మాని ఏడాది దాటి మరొకరికి తోడుండగలవారు, ఇంట్లో ఇటువంటి మనిషి ఉన్నవారు నమాజు తరువాత నలుగురిలో పేరు చెప్పనవసరం లేదు. ఇమామ్ గారు ఈ రోజు అసర్ నుండి మగ్రిబ్ వరకు మస్జిద్‌లోనే ఉంటారు. స్త్రీలు కబురు పంపినా చాలు.