రిపేరు తర్వాత లారీ వెనక బ్రేకులు

లైనింగులు మార్చాక లారీ వెనక బ్రేకు పట్టేస్తుంటే మొదట చూడాల్సింది డ్రమ్ముల వేడి. కొంత దూరం నడిపి ఆపి, చేయి తగలకుండా దగ్గర పెడితే తెలిసిపోతుంది. ఒకవైపే కాగితే అటు స్లాక్ అడ్జస్టర్ బిగుతైందనో, క్యామ్ షాఫ్టు బుష్‌లో పట్టేసిందనో అనుమానించాలి. రెండువైపులా కాగితే లోపం తరచుగా గాలిలోనే ఉంటుంది: స్ప్రింగు బ్రేకును వదిలించేది గాలి ఒత్తిడే, అది చాలకపోతే పార్కింగ్ బ్రేకు సగం పట్టే ఉంటుంది. పైపు బిగింపులకు సబ్బునీళ్లు పూస్తే లీకు బుడగలై కనిపిస్తుంది. స్ప్రింగు చాంబరును మాత్రం విప్పకూడదు. లోపలి స్ప్రింగు ప్రాణం తీయగలదు. బ్రేకు సరిగా పట్టకపోతే కథ వేరు. హబ్బు సీలు సరిగా కూర్చోక లైనింగుకు ఆయిలు అంటి ఉండవచ్చు. తడిసిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించడం షెడ్లలో కనిపించే అలవాటే గానీ, సీలుతో పాటు దాన్నీ మార్చడమే సరైన పని.