రాతిపై ముఖము చెడకుండుటెట్లు?
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పాఠశాలకు స్థలమిచ్చిన దాత, సరిహద్దులో ప్రాణమర్పించిన జవాను – ఇట్టివారి ముఖమును నల్లరాతి ఫలకముపై చెక్కించి నిలుపుట నేడు అనేక గ్రామములలో ఆచారమైనది. పూర్వము ఉలితో జరిగిన పని నేడు లేజరు యంత్రముతో జరుగుచున్నది. కాని తెర తొలగించిన దినమున ఆ ముఖమును ఇంటివారే గుర్తింపలేని సందర్భములు గలవు. ఒక గ్రామమున దాతగారి మనుమరాలు ఫలకమును చూచి, "ఈయన మా తాతయ్య కాదండీ" అని వెనుదిరిగినది. ఆ రాతికి వెచ్చించినది ప్రజల ధనము. చెడిన బొమ్మను తొలగింపవలెనన్న రాతిని మరల అరగదీసి మెరుగుపెట్టవలసినదే. కావున దోషమెచ్చట పుట్టునో చేయించువారికి సైతము తెలిసియుండవలెను.

ఈ పనికి తరచు వాడునది కార్బన్ డయాక్సైడు లేజరు. దీనిని 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందించినవారు మన దేశమున జన్మించిన కుమార్ పటేల్ గారు. కంటికి కానరాని ఆ కిరణమును లెన్సు సూదిమొన వంటి చుక్కగా కూర్చును. ఆ చుక్క తగిలినచోట నల్లరాతి పైపొర చిట్లి తెల్లబారును. కర్రపై నైనచో అదే చుక్క మాడి నల్లబారును. ఈ భేదమును మరచి, కర్రకు సిద్ధపరచిన బొమ్మనే రాతికి వాడినచో జుట్టు తెల్లగను ముఖము నల్లగను వచ్చును. రాతికి బొమ్మను తిరగవేయవలెను. మొట్టమొదట చూడవలసినది ఇదియే.

తరువాతది ఫోటో. మా అనుభవములో సగము దోషములు యంత్రము ముట్టకముందే పుట్టుచున్నవి. గోడకు తగిలించిన పటమును అద్దము మీదనే సెల్‌ఫోనుతో తీసి, వాట్సాప్‌లో పంపుదురు. అది చేతులు మారినకొలది వివరము నశించును. పటమును చట్రమునుండి తీయించి స్కాను చేయించుడు. వెనుకనున్న తెర, చెట్టు, గోడ తొలగింపుడు. వెలుగునీడల తేడాను పెంచవలెను గాని మితిమీరరాదు. పెద్దలు తరచు తెల్లచొక్కాయో తలపాగాయో ధరించియుందురు గనుక, మితిమీరినచో మడతలన్నియు పోయి సున్నము పూసినట్లగును.

ఇక చుక్కల విషయము. వార్తాపత్రికలోని ఫోటోను భూతద్దముతో చూడుడు, అంతయు చుక్కలే. యంత్రమునకును ఫోటోను అట్లే చుక్కలుగా మార్చి ఇత్తురు. అందుకై 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనువారు ప్రకటించిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. చుక్కలెన్ని ఎక్కువైన బొమ్మ అంత స్పష్టమను భ్రమ పనివారిలో గలదు. లెక్క చూతము. అంగుళమునకు 254 చుక్కలనగా ఒక్కొక్కదానికి 0.1 మిల్లీమీటరు ఎడము. కిరణపు చుక్క వెడల్పే అంత యున్నపుడు 600 చుక్కలు కోరినచో ఒకదానిపై నొకటి పడి ముఖమంతయు తెల్లని ముద్దయగును. ఒత్తుగా నాటిన వరిమడికిని దీనికిని భేదము లేదు. బొమ్మను ఫలకము కొలతకు ముందే కుదించి, పిదప చుక్కలుగా మార్చవలెను. మార్చిన తరువాత సాగదీసినచో చారలు పుట్టును.

బొమ్మ మసకగా వచ్చినపుడు పనివారు శక్తిని పెంచుదురు. ఆడలేక మద్దెల ఓడన్న చందమున, యంత్రమునకు బలము చాలదందురు. శక్తి పెరిగినకొలది రాయి పెచ్చులూడునే గాని మసక పోదు. మసకకు కారణము తరచు ఫోకసు తప్పుట, లేదా లెన్సుపై పొగ, దుమ్ము పేరుట. ఫోకసును పరీక్షించుటకు ఒక చెక్కను ఏటవాలుగా నుంచి పొడవున ఒక గీత గీయింపుడు. గీత ఎచ్చట మిక్కిలి సన్ననో అచ్చటి ఎత్తే సరియైన ఎత్తు. ఒకప్రక్క స్పష్టముగను మరియొకప్రక్క మసకగను వచ్చినచో రాయి సమముగా కూర్చుండలేదన్నమాట. కనుబొమలు, పెదవులు రెండేసిగా కనబడినచో బెల్టు వదులైనదేమో చూచి, వేగము తగ్గింపవలెను.

రాతి ఎంపికలో ఒక మాట. చీమకుర్తి గెలాక్సీ రాయి లోకప్రసిద్ధము. కాని అందలి బంగారు మెరుపులు చెక్కిన ముఖముపై మచ్చలవలె తోచును. అక్షరములకది ఎంతయు శోభనిచ్చును. ముఖములకు మెరుపులేని నిండు నల్లరాయి మేలు. చీమకుర్తి మిత్రులు మాపై కినుక వహింపరని నమ్మెదము.

ఒప్పందము వ్రాయునపుడు ఈ షరతు చేర్పుడు: అదే రాతి ముక్కపై, అదే ఫోటోలోని కన్నులు, ముక్కు వరకు చెక్కి చూపిన పిదపనే ఫలకము ముట్టవలెను. ఆ నమూనాను ఇంటివారికి చూపి, వారు సరేయన్న తరువాత సంతకము చేయుడు. సరిగా రానిచో ఒక్కసారికి ఒక్క మార్పే చేయింపుడు – శక్తియో, వేగమో, చుక్కల ఎడమో. అన్నియు ఒక్కమారే మార్చినచో ఏది గుణమిచ్చెనో తెలియదు.

గ్రామములోనే ఇట్టి యంత్రము పెట్టుకొనిన యువకులున్నచో వారికి గట్టిగా చెప్పవలసినది మరియొకటి గలదు. పీవీసీ పలకను, పీవీసీతో చేసిన రెక్సీనును ఈ యంత్రములో పెట్టరాదు. వాటినుండి వెలువడు హైడ్రోజన్ క్లోరైడు ఊపిరితిత్తులకు హాని చేయును, యంత్రపు లోహమును తినివేయును. పొగ బయటకు పోవు గొట్టము, మూత, ఆ కిరణమునకు తగిన కంటి అద్దములు లేనిదే యంత్రము నడుపనీయకుడు.

కుదిరిన శక్తి, వేగము, చుక్కల ఎడము అంకెలను నమూనా రాతి వెనుక వ్రాయించి కార్యాలయమున నుంచుకొనుడు. రెండవ ఫలకమునాడు పని అచ్చటినుండియే మొదలిడవచ్చును.