‘పుట్’ అను క్రియ, ‘పెట్టు’ అను మన మాట
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



కార్యాలయమున ఉదయము మొదలు సాయంకాలము వరకు మన చెవిని బడు ఆంగ్ల క్రియలలో ‘పుట్’ అనునది ముఖ్యమైనది. మూడక్షరముల మాట. భూతకాలమునను దానికి రూపభేదము లేదు. నిన్నయు పుట్, నేడును పుట్. ఇంత నిరాడంబరమైన మాట ఎన్ని వేషములు వేయునో కొంత విన్నవింతును.

చిన్న మాటలే పెద్ద బరువులు మోయుట ఆంగ్లమున సర్వసాధారణము. ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువు 1884లో భాగములుగా వెలువడ నారంభించి 1928లో పూర్తియైనది. 20 సంపుటముల రెండవ కూర్పు 1989లో వచ్చినది. అందు ‘సెట్’ అను క్రియకు 400కు మించిన అర్థములు కలవు. తరువాతి సవరణలో ‘రన్’ అను క్రియ 645 అర్థములతో దానిని దాటినది. మన ‘పుట్’ ఆ కుటుంబములోనిదే.

ముందుగా ఉచ్చారణము. “బి-యు-టి బట్ అయినప్పుడు పి-యు-టి పట్ ఏల కాదు?” అని మన పిల్లలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. పూర్వము రెండింటను ఉకారమే పలికెడిది. 17వ శతాబ్దిలో దక్షిణ ఇంగ్లండున ఆ అచ్చు అనేక పదములలో మారిపోయినది. పెదవులతో పలుకు హల్లుల తరువాత కొన్ని పదములందు మాత్రము పాత ధ్వని నిలిచినది: పుట్, పుల్, పుష్, ఫుల్, బుల్. అదియైనను నియమముగా నిలువక ‘బట్’ మారినది. ఉత్తర ఇంగ్లండున పలుచోట్ల నేటికిని ‘కట్’ అను మాటను ‘కుట్’ వలెనే పలుకుదురు.

ఇక అర్థములు. మూలార్థము ఉంచుట. వెంట వచ్చు చిన్న మాటను బట్టి అది మారును. ‘పుట్ ఆన్’ అన్న ధరించుట, నటించుట, ఒళ్లు చేయుట కూడను. ‘పుట్ ఔట్’ అన్న దీపము నార్పుట. ‘పుట్ త్రూ’ అన్న టెలిఫోను కలుపుట. ‘పుట్ డౌన్’ అన్న క్రింద నుంచుట, వ్రాసికొనుట, తిరుగుబాటు నణచుట, ఒకరిని చిన్నబుచ్చుట, తుదకు బాధపడు ముసలి గుర్రమునకు ప్రాణవిముక్తి కలిగించుట! కనుక “అతనిని పుట్ డౌన్ చేయుడు” అని అధికారి సెలవిచ్చినచో, జాబితాలో పేరు వ్రాయుటయే అని మనము సందర్భమును బట్టి గ్రహింపవలెను.

మనకు ప్రాణమైనది ‘పుట్ అప్’. ఇంగ్లండున దానికి అతిథికి బస యిచ్చుట, ధర పెంచుట, ఎన్నికలలో అభ్యర్థిని నిలుపుట అను అర్థములు కలవు. మన కార్యాలయములందు ఫైలును పై అధికారి ఆజ్ఞకై సమర్పించుట. దీనికి ‘విత్’ చేరినప్పుడు చూడుడు వినోదము! “పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్” అన్నచో మనకు ‘వెనుకటి కాగితములతో సమర్పింపుము’ అని అర్థము. ఆంగ్లేయునికి ‘వెనుకటి కాగితములను ఓర్చుకొనుము’ అని అర్థము. అనుభవజ్ఞులకు రెండును సత్యములే.

తెలుగున దీనికి దీటైన మాట ‘పెట్టు’. బొట్టు పెట్టుదుము, పేరు పెట్టుదుము, వంక పెట్టుదుము, సెలవు పెట్టుదుము, మొర పెట్టుదుము. కోడి గుడ్డు పెట్టును. ఉపాధ్యాయుడు పరీక్ష పెట్టును. అయితే ఒక భేదము గమనింపదగినది. ఆంగ్లమున “అతడు పుస్తకమును పుట్” అని ఆపిన వాక్యము కుంటిది. ఎక్కడ అన్నది చెప్పితీరవలెను. తెలుగున “అమ్మ పెట్టినది” అన్న చాలును. ఏమి పెట్టినదో, ఎవరికి పెట్టినదో ఆకలిగొన్న బిడ్డకు వేరుగా చెప్ప నక్కరలేదు.

ఇంకొక విశేషము. ‘చేసెను’ అనుటకును ‘చేసిపెట్టెను’ అనుటకును ఎంత భేదము! రెండవదానిలో పరుల మేలు ఇమిడియున్నది. ఒక్క క్రియను చేర్చి ఉపకారమును తెలుపు ఈ సౌలభ్యము ‘పుట్’ అను మాటకు లేదు.

ఇది వట్టి వ్యాకరణచర్చ కాదు. ‘పుట్ అప్’ అనుటకును ‘పుట్ ఆఫ్’ అనుటకును వినికిడిలో భేదము స్వల్పము. కాని మొదటిదానితో ఒక వితంతువు కుటుంబ పింఛను కదలును, రెండవదానితో నిలిచిపోవును. మంజూరును లేక, తిరస్కారమును లేక ఫైలు పడియున్నప్పుడు “అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా నివ్వదు” అను సామెత ఆమెకు అనుభవమునకు వచ్చును. నేడు కాగితపు ఫైళ్లు పెక్కుచోట్ల కంప్యూటరు తెరమీది కెక్కినవి. వేగము పెరిగినది, కాని ముందునకు పంపవలసిన వ్రేలు మనదే.

తల్లిదండ్రులకు ఒక మనవి. బదిలీలమీద దేశమంతట తిరుగు మన పిల్లలు ‘పుట్’ ప్రయోగములను బడిలో వల్లించుచున్నారు. సంతోషమే. కాని ఇంట “అన్నము సర్వ్ చేయి” అను మాట వినబడుచున్నది. “అన్నము పెట్టు” అను మాటలోని ఆప్యాయత ఆ మాటకు రాదు. దానిని పిల్లల నోట నిలుపుట మన చేతిలోని పని. పరుల కొరకు ‘చేసిపెట్టుట’ అనునది కార్యాలయమున మన కర్తవ్యము.

ఇంతకన్న మీ ఓర్పునకు పరీక్ష పెట్టను. అందరికిని దండము పెట్టి సెలవు తీసికొనుచున్నాను.